మా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ: వైద్యం మేలైనది, గుమ్మం దగ్గర పద్ధతి మారాలి

మామిడితోటలో కోతులను బెదరగొట్టడానికి తెచ్చిన ఎయిర్ గన్‌ను తుడుస్తూ, లోపల గుండు లేదనుకొని మా తమ్ముడు గొట్టం మూతికి ఎడమ అరచెయ్యి ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు. పైకి కనిపించింది పెసరగింజంత రంధ్రం, నాలుగు చుక్కల నెత్తురు మాత్రమే కావడంతో పసుపు అద్ది కట్టు కడితే చాలని ఇంట్లో అన్నారు. కానీ 4.5 మిల్లీమీటర్ల గుండు లోపలే ఉండిపోయింది. 108కు ఫోన్ చేశాము. అంబులెన్సులో వచ్చిన అబ్బాయి, చెయ్యి వాచకముందే వేలి ఉంగరం తీయించాడు; ఆ ముందుచూపును ఇప్పటికీ తలచుకుంటున్నాము.

ఆసుపత్రి గుమ్మం దగ్గర మాత్రం చాలా బాధ కలిగింది. తుపాకీ గాయం అనగానే చీటీ రాసే ఉద్యోగి, పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెస్తేనే లోపలికి పంపుతానని మమ్మల్ని ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇటువంటి గాయాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపవలసిన వైద్య కేసుగా, నమోదు చేయడం సబబే, అయితే పోలీసులకు తెలియజేయవలసినది ఆసుపత్రివారు. గాయపడినవారికి ముందు వైద్యం అందించాలని, చట్టపరమైన తతంగం కోసం దానిని ఆపరాదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మాటను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఆ గుమ్మానికే తగిలించాలని నా విన్నపం.

డ్యూటీ డాక్టరమ్మ బయటికి వచ్చి, "కేసు నేను రాస్తాను, ముందు చెయ్యి చూడనివ్వండి" అన్న తరువాత అంతా మారిపోయింది. ఆమె ఒక్కొక్క వేలునూ విడిగా మడవమన్నారు, కళ్లు మూసుకోమని వేలి కొసలను దూదితో తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూశారు, గుండు సీసంతో చేసిందా ఉక్కుతో చేసిందా అని అడిగి మేము తీసుకువెళ్లిన డబ్బాను పరిశీలించారు. ఎక్స్‌రేకు పంపేముందు కాగితాలకు పెట్టే మామూలు క్లిప్పును సాగదీసి, దాని కొన రంధ్రం దగ్గరకు వచ్చేలా ప్లాస్టరుతో అంటించారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేలలో ఆ క్లిప్పు కొనను బట్టి గుండు ఎంత దూరం, ఎంత లోతు వెళ్లిందో తేలింది: చూపుడువేలి మొదటి కీలును ఆనుకొని ఉంది.

అప్పటికప్పుడు పటకారుతో లాగేయమని మా నాన్నగారు బతిమాలారు. గుడ్డిగా కెలికితే నరాలు తెగవచ్చని, అలాగని వదిలేస్తే కీలులోని ద్రవానికి సీసం కరిగి రక్తంలో చేరవచ్చని, కాబట్టి మర్నాడు థియేటరులోనే తీయాలని ఆమె నిలబడి ఓపికగా వివరించారు. గాయాన్ని సెలైన్‌తో బాగా కడిగారు, టీటీ ఇంజెక్షను ఇచ్చారు, కుట్లు వేయకుండా కట్టు కట్టారు.

మర్నాడు తీసిన గుండును మాకు చూపించి, సీసాలో పెట్టి సీలు వేసి పోలీసులకు అప్పగించారు. పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు తమ్ముడు చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నాడు. చూపుడువేలు మాత్రం ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, అందుకని వారానికి రెండుసార్లు అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి వెళ్తున్నాము.