పబ్లిక్ స్పీకింగ్ కోర్సుకి ఫీజు కట్టే ముందు ఒక్క లెక్క వేసుకోండి

కాలేజీలో చదువుతూనే పక్కన కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సులో చేరదామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. సంస్థ పేరు చెప్పను, అడగొద్దు. ఇలాంటివి ఇంకా ఉంటాయి కాబట్టి పేరు కంటే వాళ్ల పద్ధతి తెలియడమే మీకు ఉపయోగం.

డెమో క్లాసులో మేం ఏడుగురం. ఒక్కొక్కరి చేత రెండు నిమిషాలు మాట్లాడించి, వీడియో తీసి, అప్పటికప్పుడే స్క్రీన్ మీద చూపించారు. మాట్లాడినంతసేపూ నేను చొక్కా చివర మడతపెడుతూ విప్పుతూ ఉన్నానని అది చూసేదాకా నాకే తెలీదు. ఇంతకంటే ఏం కావాలి అనుకుని అక్కడికక్కడే ఫీజు మొత్తం కట్టేశాను.

అసలు బ్యాచ్ మొదలయ్యాక చూస్తే 48 మంది! ట్రైపాడ్ మూలకి చేరింది, దానికి సార్ బ్యాగు వేలాడుతుండేది. కెమెరా మళ్లీ కనిపిస్తే ఒట్టు. 12 క్లాసులు, ఒక్కోటి గంటన్నర, అంటే 18 గంటలు. అందులో నేను లేచి మాట్లాడింది మూడంటే మూడుసార్లు, అన్నీ కలిపి 8 నిమిషాలు. మిగతా టైమంతా ఎలా మాట్లాడాలో సార్ మాట్లాడారు. బాగానే మాట్లాడతారు, కాదనను. కానీ గట్టు మీద కూర్చుంటే ఈత వస్తుందా?

చివర్లో ఫీడ్‌బ్యాక్ కాగితాలు ఇచ్చారు. నా దాంట్లో 'గొంతు బాగుంది, అందరి వైపూ చూస్తూ మాట్లాడాలి' అని ఉంది. నా ఫ్రెండ్ కాగితంలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే. చివరి స్పీచ్ రోజు తను అసలు క్లాసుకే రాలేదు.

ఇంకో సంగతి, డబ్బు కంటే ఇదే నాకు ఎక్కువ నష్టం చేసింది. 'వినేవాళ్లకి చేరేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55' అని మొదటి రోజే బోర్డు మీద రాశారు. నమ్మేశాను. కాలేజీ సెమినార్‌కి విషయం పెద్దగా చదవకుండా అద్దం ముందు చేతులు తిప్పడం ప్రాక్టీస్ చేసి వెళ్లాను. మేడమ్ ఒక్క ప్రశ్న అడిగేసరికి నోట మాట రాలేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్ట్ 1967లో ప్రచురించిన ప్రయోగాలవి. విడి మాటలు, గొంతు తీరు, ముఖాల ఫోటోలు పెట్టి, ఎదుటివాడికి ఇష్టమో అయిష్టమో ఎలా గుర్తుపడతామని చూసినవి. భావాల గురించి మాట్లాడే సందర్భం కాకపోతే ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పారు. ఈ 7 శాతం లెక్కని పాఠంగా చెప్పే చోట మిగతావి కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

మూడో క్లాసయ్యాక డబ్బు వెనక్కి ఇమ్మంటే రసీదు తిప్పి చూపించారు. వెనక సన్న అక్షరాల్లో 'ఫీజు వాపసు లేదు' అని ఉంది. అందుకే డెమో చూసి కట్టకండి. నడుస్తున్న బ్యాచ్‌లో ఒక రోజు వెనక కూర్చుంటానని అడగండి, వద్దంటే అర్థమైపోతుంది. కోర్సు మొత్తంలో నాకు మాట్లాడేందుకు ఎన్ని నిమిషాలు వస్తాయి, తప్పులు ఎవరు చెబుతారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఫీజు కూడా విడతలుగానే కట్టండి. పోల్చుకోవడానికి 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ (సభ్యులే ఒకరి ముందు ఒకరు మాట్లాడి నేర్చుకునే క్లబ్బులు) పద్ధతి చూడండి. మామూలు స్పీచ్ 5 నుంచి 7 నిమిషాలు, టైమ్ చూడ్డానికొకరు, 'అ.. ఆ..'లు లెక్కపెట్టడానికొకరు, బాగోగులు చెప్పడానికి ఇంకొకరు ఉంటారు.

ప్రస్తుతం మేం నలుగురం కాలేజీ అయ్యాక ఖాళీ క్లాస్‌రూమ్‌లో వాటర్ బాటిల్‌కి ఫోన్ ఆనించి ఒకరిదొకరం రికార్డ్ చేసుకుంటున్నాం. మొదటి వారంలోనే నాకు 20 నిమిషాలు దొరికాయి.

నిన్న అటువైపు వెళ్తుంటే కొత్త బ్యాచ్ పోస్టర్ కనిపించింది. అద్దంలోంచి చూస్తే ట్రైపాడ్ మీద కెమెరా మళ్లీ ఎక్కింది.