ఒక పాట పుట్టిన హాలు కోసం బెర్లిన్‌లో మూడు రోజులు

"అన్నయ్యా, అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. పాత ఆఫీసు బిల్డింగులా ఉంటుంది, అంతే" అని మా పిన్ని కొడుకు ఫోన్లోనే చెప్పేశాడు. వాడు బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ 1977లో "హీరోస్" పాట రికార్డు చేసిన హాన్సా స్టూడియో ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళాడో వాడికే తెలియదట. ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ ఆ పాట పిచ్చి నాకు. అందుకని వాణ్ణి కూడా లాక్కెళ్ళాను.

ముందు బస గురించి. క్రాయిట్స్‌బెర్గ్ అనే పేటలో ఒక చిన్న హాస్టల్ బుక్ చేసుకున్నాను. ఫొటోల్లో బాగుంది. ఐదో అంతస్తు అని రాశారు గానీ లిఫ్ట్ లేదన్న మాట రాయలేదు. ఇరవై కిలోల సూట్‌కేస్, అమ్మ మా వాడికోసం పంపిన గోంగూర పచ్చడి సీసాతో సహా, మెట్ల మీద మోసుకెళ్ళాను. గది మాత్రం శుభ్రంగా ఉంది, మెట్రో స్టేషన్ దగ్గర. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి పరవాలేదు. ఆదివారం దిగకండి, కిరాణా షాపులు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి.

మొదటి రోజు షోనెబెర్గ్ అనే పేటకి వెళ్ళాం. యూ7 మెట్రో రైలెక్కి క్లైస్ట్‌పార్క్‌లో దిగి నాలుగడుగులు వేస్తే హౌప్ట్‌స్ట్రాసె 155. బౌవీ అద్దెకున్న ఇల్లు ఇదే, ఆయన స్నేహితుడు, అమెరికన్ రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ కూడా ఇక్కడే ఉండేవాడు. గుమ్మం పక్కన 2016లో పెట్టిన తెల్లటి పింగాణీ ఫలకం ఒకటుంది, దానిమీద ఈ పాటలోని లైను రాసి ఉంది. పైన ఇంకా జనం కాపురాలుంటున్నారు, లోపలికి వెళ్ళడానికి లేదు. పది నిమిషాలు చాలు. మా వాడి మాట ఇక్కడ నిజమే.

రెండో రోజుదే అసలు పని. హాన్సా ఇప్పటికీ పనిచేస్తున్న స్టూడియో, నేరుగా వెళ్తే లోపలికి రానివ్వరు. గైడ్‌తో టూర్లు ఉంటాయి గానీ రోజూ కాదు. ముందు టూర్ తేదీ చూసుకుని, తరవాతే విమానం టికెట్ కొనండి. డబ్బులు దండగ కాదని నేను హామీ ఇస్తాను.

మేడ మీద మైస్టర్‌జాల్ అనే పెద్ద హాలు. నున్నటి చెక్క నేల, ఎత్తైన సీలింగ్. కచేరీల కోసం కట్టింది. చప్పట్లు కొడితే శబ్దం పోయి, కాసేపు తిరిగి, నెమ్మదిగా ఆరిపోతుంది. ఈ పాట రికార్డింగు నడిపించిన నిర్మాత టోనీ విస్కాంటీ వాడుకున్నది దీన్నే. బౌవీ ముందు ఒక మైకు 9 అంగుళాల దూరంలో, రెండోది 20 అడుగుల్లో, మూడోది 50 అడుగుల్లో పెట్టాడు. దూరంగా ఉన్న రెండూ మామూలుగా మూసుకునే ఉంటాయి, గొంతు ఒక స్థాయి దాటితేనే తెరుచుకుంటాయి. మొదట్లో చెవిలో చెప్తున్నట్టు ఉన్న గొంతు చివరికి గోడలు అదిరేలా ఎందుకు అరుస్తుందో అప్పుడు తెలిసింది: మూడో మైకు తెరిపించాలంటే అరవక తప్పదు! మా వాణ్ణి ఒక చివర నిలబెట్టి, 50 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. అటు చివర నుంచి వాడు మెల్లగా ఏదో అన్నాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు.

గిటార్ కథ ఇంకా బాగుంటుంది. ఈ పాటకి గిటార్ వాయించిన రాబర్ట్ ఫ్రిప్ స్పీకర్ నుంచి ఎంత దూరంలో నిలబడితే ఏ స్వరం సాగుతూ మోగుతుందో చూసుకుని, ఆ చోట్ల నేల మీద టేపు ముక్కలు అంటించుకున్నాడట. స్వరం మారినప్పుడల్లా టేపు ముక్క మీదికి జరగడమే. అంటే మనం వినే ఆ సాగదీత సగం వేళ్ళది, సగం కాళ్ళది.

ఇక కిటికీ. అప్పట్లో కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఊరిని తూర్పు, పడమరలుగా చీల్చిన బెర్లిన్ గోడ, కాపలా సైనికులు. మాటలు రాసుకుంటానని బౌవీ అందరినీ బయటికి పంపితే, విస్కాంటీ, గాయని ఆంటోనియా మాస్ గోడ దగ్గర ముద్దు పెట్టుకోవడం పైనుంచి కనిపించిందట. పాటలోని జంట వాళ్ళే. విస్కాంటీకి అప్పటికే పెళ్ళయింది, అందుకే బౌవీ చాలా ఏళ్ళు నోరు విప్పలేదు. ఇప్పుడు ఆ కిటికీలోంచి చూస్తే కొత్త బిల్డింగులు అడ్డం. కొంచెం ఉసూరుమనిపించింది, అబద్ధం ఎందుకు.

ఇంత చేస్తే, 1977 సెప్టెంబరులో సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్‌లో 24వ స్థానం దాటలేదు. అమెరికాలో టాప్ 100లోకే రాలేదు. ఆరు నిమిషాల పాటని సింగిల్ కోసం కత్తిరించేశారు కూడా. నన్నడిగితే కత్తిరించిన పాట వినకండి, ఆ గొంతు మెట్లెక్కడమే పోతుంది.

మూడో రోజు చెక్‌పాయింట్ చార్లీ చూశాం, గోడ ఉన్న రోజుల్లో అటూ ఇటూ దాటే తనిఖీ చోటు. ఫొటోల గుంపు, బొమ్మల దుకాణాలు. సమయం తక్కువైతే వదిలేయండి, బెర్నావర్ స్ట్రాసెలోని గోడ స్మారకానికి వెళ్ళండి. అక్కడ గోడ ఎంత లోతైన ఏర్పాటో అర్థమవుతుంది, పైగా ఉచితం.

సాయంత్రం జర్మనీ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ ముందు పచ్చికలో కూర్చున్నాం. పైన గాజు గోపురానికి టికెట్ లేదు గానీ ముందే పేరు నమోదు చేసుకోవాలి. 1987 జూన్ 6న బౌవీ ఈ మైదానంలోనే పాడాడు. గోడకి అవతల తూర్పు వాళ్ళు వినడానికి గుమిగూడారు, పోలీసులతో గొడవలయ్యాయి. 2016లో ఆయన పోయినప్పుడు జర్మనీ విదేశాంగ శాఖ గోడ కూలడానికి సాయపడినందుకు ధన్యవాదాలు చెప్పింది. పాటలకి గోడలు కూలతాయని నేను నమ్మను గానీ, ఆ మాట చదివినప్పుడు మాత్రం గొంతు పట్టేసింది.

లేచేముందు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట మొదలుపెట్టాం. బ్రాండెన్‌బుర్గ్ గేటు వైపు నడిస్తే రోడ్డు మీద రెండు వరసల రాళ్ళ గీత వస్తుంది, గోడ ఉన్న చోటికి గుర్తు. మేం దాన్ని దాటేసరికి మూడో మైకు ఇంకా తెరుచుకుంటోంది. మా వాడు అటువైపు ఆగి, "ఇంకోసారి పెట్టు అన్నయ్యా, మొదటినుంచి" అన్నాడు.