పాఠాల కోసం బెజవాడ: ఏ వెబ్‌సైటుకు ఏ చోటు కుదిరింది

బడులు తెరిచే ముందు కొత్త పాఠాలకు ముడిసరుకు వెతుక్కోవడం సాంఘికశాస్త్రం చెప్పే నాలాంటివారికి ఏటా ఉండే పనే. ఈసారి ఆ వెతుకులాట గైడ్లనూ ప్రశ్నల నిధులనూ దాటి, ఉపాధ్యాయుల కోసమని ఎవరూ ప్రత్యేకంగా తయారుచేయని వెబ్‌సైట్ల వైపు మళ్లింది. వాటిలో మనసుకు పట్టినవాటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి విజయవాడ చుట్టుపక్కల ఏ చోటు కుదురుతుందో చూసి రావాలని, మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే టీచరుగారితోనూ ఆమె భర్తతోనూ కలిసి గుంటూరు నుంచి బయలుదేరాను. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: తెర మీద కనిపించినదాన్ని పిల్లలు స్వయంగా నడిచి సరిచూసుకోగలగాలి. అలా కుదరని సైటు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేశాము.

అన్నిటికంటే ఎక్కువ పని ప్రకాశం బ్యారేజీ దగ్గర దొరికింది. ఐరోపావారి సెంటినల్ ఉపగ్రహాలు తీసే చిత్రాలను కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. సెంటినల్-2 చిత్రాన్ని బాగా పెద్దది చేస్తే కనిపించే ఒక్కో గడి నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న చోటుకు సమానం. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు కనుక దాని వెంట 122 గడుల దాకా రావాలి. కానీ చిత్రంలో ఆ గీత కాస్త ఏటవాలుగా పడుతుంది కాబట్టి నిలువు గడులను మాత్రమే లెక్కిస్తే సరిపోదు, అడ్డంగా ఎన్ని జరిగిందో కూడా చూసి పైథాగరస్ సూత్రం వాడాలి. కాలిబాట మీద నిలబడి ఫోనులో ఈ లెక్క వేస్తుండగా టీచరుగారు, "మాస్టారూ, ఇది మీ పాఠమూ కాదు, నా పాఠమూ కాదు, లెక్కల మాస్టారిది" అన్నారు. నిజానికి అది ముగ్గురిదీ. పిల్లలు 70 గేట్లను చూస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిస్తే, ఉపగ్రహం చెప్పిన పొడవుకూ తమ కాళ్లు చెప్పిన పొడవుకూ తేడా ఎంతో తెలుస్తుంది. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోవడం, దాని స్థానంలో 1957లో ఈ బ్యారేజీ రావడం ఆ నడకలోనే చెప్పేయవచ్చు.

ఇదే పనికి నాసావారి వరల్డ్‌వ్యూ సైటును కూడా ప్రయత్నించాము. రోజుకొక చిత్రం దొరకడం దాని గొప్ప. అయితే ఆ రోజువారీ చిత్రాల్లో ఎంత స్పష్టమైనదానిలోనైనా గడి 250 మీటర్లు ఉండటంతో అందులో కృష్ణ కనిపిస్తుంది గానీ బ్యారేజీ ఆనవాలు పట్టలేము. తుఫాను మేఘాలను చూపించడానికి మాత్రం అదే మేలు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రావడం, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొనడం, అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోవడం ఇక్కడి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి రోజుల్లో మామూలు చిత్రాల నిండా మేఘాలే ఉంటాయి. రాడార్‌తో చూసే సెంటినల్-1కు మేఘం అడ్డు రాదు, నిలిచిన నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. వరదకు ముందు చిత్రాన్నీ తరువాతి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, నీటి మీద పడిన రాడార్ తరంగం తిరిగి ఉపగ్రహానికి ఎందుకు చేరదన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుందని టీచరుగారి నమ్మకం. నాకూ అలాగే అనిపించింది.

ఉండవల్లికి ఆటోలో వెళ్లాము. ఎక్కే ముందే రానుపోను బేరం, అక్కడ ఆగే సమయం తేల్చుకోవడం మంచిది. గుహల ప్రవేశ రుసుము 25 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. లోపల శయనించిన విష్ణుమూర్తి దగ్గరే జనం ఎక్కువ సేపు ఆగుతారు గానీ మాకు కావలసింది పై అంతస్తు ముంగిలి. రాతి మునుల పక్కన నిలబడితే ఎదురుగా పచ్చని పొలాలు కనిపిస్తాయి. 1984 నుంచి ఏడాదికొక చిత్రం చొప్పున చూపించే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో ఇదే నేలను తిప్పి చూస్తే, రాజధాని ప్రాంతంలో రోడ్లు ఎప్పుడు మొదలయ్యాయో, నదిలో ఇసుక తిన్నెలు ఎటు జరిగాయో తెలుస్తుంది. గుహల్లో మా ఫోన్లకు సిగ్నల్ సరిగా అందలేదు కనుక చిత్రాలను ముందుగానే దించుకుని వెళ్లాలి.

బస విషయానికి వస్తే, గవర్నరుపేటలో బస్టాండుకు దగ్గరని ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వేళకు వచ్చాయి, కానీ బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసిన వైఫై మూడో అంతస్తుకు ఎక్కనే లేదు. అడిగితే కౌంటరులోని కుర్రవాడు, "ఉంది సార్, కింద సోఫాలో కూర్చుంటే బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు. ఆ సోఫాలోనే కూర్చుని రేడియో గార్డెన్ తెరిచాము. భూగోళాన్ని వేలితో తిప్పి ఆకుపచ్చ చుక్క దగ్గర ఆపితే ఆ ఊరి రేడియో వినిపిస్తుంది; పాఠంగా మా నియమానికి అది నిలవలేదు గానీ, పక్కన సామాన్లతో కూర్చున్న పెద్దాయన కూడా మాతో కలిసి చాలాసేపు విన్నారు. బందరు రోడ్డులోని పెద్ద హోటళ్లలో ఈ ఇబ్బంది తక్కువే అయినా, ఖర్చు ఉపాధ్యాయుల జేబుకు అందేది కాదు. గది తీసుకునే ముందే పైకి వెళ్లి ఫోనులో చూసుకోవడం ఉత్తమం.

అమరావతికి వెళ్లి మహాస్తూపం ఉన్న చోట నిలబడితే గుండ్రని దిబ్బ, కొన్ని నిలువు పలకలు తప్ప కళ్లకు ఆనేది పెద్దగా లేదు. శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆ బ్రిటిష్ మ్యూజియం సేకరణ సైటులో ఒక పలకకు రెండు వైపులా తీసిన చిత్రాలు ఉన్నాయి. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాతిని తిప్పి వెనుకవైపు స్తూపం బొమ్మను చెక్కారు. ఆ చెక్కిన స్తూపాన్ని చూస్తూ, ఎదుట ఉన్న దిబ్బ మీద ఏ కంచె ఎక్కడ ఉండేదో, ద్వారం ఎటు ఉండేదో పిల్లలు ఊహించి గీయాలి. మా జాబితా మొత్తంలో నాకు బాగా నచ్చిన పాఠం ఇదే. దీనికి పెద్ద తెర కావాలి, ఫోనులో చెక్కడాలు తెలియవు. పక్కనే ఉన్న మ్యూజియం చిన్నదే అయినా తప్పక చూడదగినది. శుక్రవారం మూసి ఉంటుంది.

పిల్లలతో వచ్చేందుకు ఆర్టీసీ అద్దె బస్సు అడగాలనుకుంటున్నాము, ఎందుకంటే ఈ మూడు చోట్లకూ ఆటోలు మారుతూ తరగతి మొత్తాన్ని తిప్పడం అయ్యే పని కాదు. ఉదయం ఏడింటికి బ్యారేజీ మీద రద్దీ పెరగకముందే నడక, ఎండ ముదిరేలోపు ఉండవల్లి, భోజనాల తరువాత అమరావతి అన్న వరస హెడ్‌మాస్టరుగారికి రాసి ఇచ్చాము. గొడుగులు, మంచినీళ్లు, ఒక ల్యాప్‌టాప్ మాత్రం మేమే తెచ్చుకోవాలి.