బాతు గుడ్ల కోసం ఇంక్యుబేటర్ కొన్నారా? గుడ్లు పెట్టే ముందు ఇది చదవండి

ఇంట్లో బాతు పిల్లలను పొదిగించాలని చిన్న ఇంక్యుబేటర్ కొనబోతున్నవారికీ, ఇప్పుడిప్పుడే కొని పెట్టె విప్పుతున్నవారికీ ఈ హెచ్చరిక. నేను 14 గుడ్లు పెట్టాను. ఏడో రోజున చీకటి గదిలో టార్చి వెలుగుకు పట్టి చూస్తే 12 గుడ్లలో ఎర్రటి సన్నని రక్తనాళాలు అల్లుకుని కనిపించాయి. ఆ పన్నెండింటిలో తొమ్మిది పెంకు లోపలే పోయాయి. ఒకటి బయటికి వచ్చి మరునాడు పోయింది. మిగిలినవి రెండు.

లోపం గుడ్లలో లేదు, యంత్రంలో ఉంది. ఆ సంగతి నాకు రూఢిగా తెలిసేసరికి దాన్ని వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. అందుకే అన్నిటికంటే ముందు ఈ గడువు గురించే చెబుతాను. కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్ల అవుతుంది. మామూలు బాతు గుడ్డుకు 28 రోజులు, మస్కోవీ బాతు గుడ్డుకు 35 రోజుల దాకా పడుతుంది. నా యంత్రానికి వాపసు గడువు చేతికి అందిన నాటి నుంచి 10 రోజులు. గుడ్లు పెట్టి ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, యంత్రం మంచిదో కాదో తేలే రోజుకు మన చేతిలో ఏమీ ఉండదు. పరీక్షంతా ఆ పది రోజుల్లోనే, గుడ్లు లేకుండానే జరిగిపోవాలి. నేను ఆ పని చేయలేదు.

ప్రకటనలో కోడి, బాతు, కౌజు పిట్ట బొమ్మలు మూడూ ఉన్నాయి. అన్ని రకాల గుడ్లకూ పనికొస్తుందని పెద్ద అక్షరాల్లో రాశారు. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే ఒకే ఒక్క పట్టిక ఉంది, అదీ 21 రోజులది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ గుడ్లు అప్పటికే తెచ్చి పెట్టుకున్నాను. వారం దాటి నిల్వ ఉంటే పొదిగే శక్తి తగ్గిపోతుందన్న ఆత్రంలో, యంత్రం వచ్చిన పూటే గుడ్లు సర్దేశాను. మీరు మాత్రం యంత్రాన్ని పరీక్షించుకున్నాకే గుడ్ల కోసం కబురు పెట్టండి.

మొదట బయటపడింది తట్టె సంగతి. గుడ్లను అటూ ఇటూ వాల్చే తట్టె కోడిగుడ్డు కొలతకు చేసినది. బాతు గుడ్డు 70, 80 గ్రాముల దాకా తూగుతుంది, కోడిగుడ్డు కంటే పొడవు, లావు. అరల్లో ఇరికించి పెడితే పట్టాయి గానీ, మోటారు తిరిగినప్పుడు ఒకదానికొకటి అడ్డుపడి సగం దూరమే వాలేవి. గుడ్డును సరిగ్గా తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. కాబట్టి పెట్టె మీద ఎన్ని గుడ్లు పడతాయని రాసి ఉన్నా ఆ అంకెను పట్టించుకోకండి. అది కోడిగుడ్ల లెక్క, కొన్నిచోట్ల కౌజు గుడ్ల లెక్క కూడా కావచ్చు. తట్టె అర వెడల్పు ఎంత, అరల మధ్య గోడలను జరపవచ్చా అని కొనే ముందే అడగండి.

యంత్రం లోపలి రోజుల లెక్క కూడా కోడిదే. 18వ రోజున తిప్పడం దానంతట అదే ఆగిపోయింది. కోడిగుడ్లకు అది సరైన రోజే, చివరి మూడు రోజులు వాటిని కదపకూడదు. బాతు గుడ్లను మాత్రం 25వ రోజు దాకా తిప్పాలి. ఆ లెక్కను మార్చే మీట ఎక్కడా లేదు. ఆపి మళ్లీ వేసినా లెక్క ఆగిన చోటి నుంచే సాగింది. తట్టె కదలడం లేదని నేను గమనించేసరికి 20వ రోజు వచ్చింది. అక్కడి నుంచి రోజుకు ఐదుసార్లు చేత్తోనే తిప్పాను. మూత తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి, తేమ బయటికి పోతున్నాయని తెలిసినా వేరే దారి లేకపోయింది.

అలా చేత్తో తిప్పుతున్నప్పుడే అసలు ఘోరం తెలిసింది. మధ్య వరుస గుడ్డు వేళ్లకు వేడిగా తగిలింది, అంచు గుడ్డు చల్లగా తగిలింది. ఫ్యాను ఉన్న యంత్రంలో బాతు గుడ్లకు 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తెర మీద మొదటి రోజు నుంచీ 37.5 అనే కనిపిస్తోంది, ఒక్కసారి కూడా కదలలేదు. ఆ నిలకడ చూసి మంచి యంత్రం దొరికిందని మురిసిపోయాను. అనుమానం వచ్చాక విడిగా రెండు థర్మామీటర్లు తెప్పించి, ఒకటి మధ్యలో, ఒకటి మూలన గుడ్ల ఎత్తులో పెట్టాను. మధ్యలో 38.4, మూలన 36.2. తెర మీద అప్పుడూ 37.5. సెన్సరును మూతకు ఒక పక్కన బిగించారు. అది ఉన్న చోట 37.5 ఉండి ఉండవచ్చు, గుడ్లు ఉన్న చోట లేదు. ఫ్యాను గాలి మూలలకు చేరడమే లేదు.

ఒక డిగ్రీ తేడా మనకు లెక్కలోకి రాదు. గుడ్డులోని ప్రాణికి అది వారాల తరబడి సాగే బాధ. వేడి తక్కువైతే పిల్ల మెల్లగా పెరుగుతుంది. రోజులు దాటినా పచ్చసొనను కడుపులోకి పీల్చుకోలేక నీరసించిపోతుంది. ఎక్కువైతే బొడ్డు మానకుండానే తొందరపడి బయటికి వస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. వేడి ఎక్కువైనప్పుడు జరిగే నష్టం చల్లబడినప్పటి కంటే వేగంగా జరుగుతుంది. కరెంటు కాసేపు పోయిందని కంగారుపడే మనం, రోజంతా ఒక డిగ్రీ ఎక్కువ నడుస్తుంటే గమనించం. నేనూ గమనించలేదు.

తేమ కూడా అంతే. మొదటి 25 రోజులు 55 శాతం దగ్గర ఉంచి, చివర్లో 65 నుంచి 75 మధ్యకు పెంచాలని చదివాను. తెర మీద 55 కనిపించేలా రోజూ నీళ్లు పోస్తూ వచ్చాను. థర్మామీటర్లతో పాటు తెప్పించిన, తేమను కొలిచే హైగ్రోమీటర్ లోపల పెడితే 68 చూపించింది. అంటే మూడు వారాలుగా గుడ్లు ఉండాల్సిన దానికంటే తడిగా ఉన్నాయి. పొదుగుతున్న కాలంలో గుడ్డులోని నీరు కొంత ఆవిరై పోవాలి. అలా పోయిన మేరకు మొద్దు కొన వైపు గాలి గది పెరుగుతుంది. పిల్ల పెంకును పొడవక ముందు మొదటి శ్వాస తీసుకునేది ఆ గాలి గదిలోనే. 25వ రోజున వెలుగుకు పట్టి చూస్తే నా గుడ్లలో ఆ గది చాలా చిన్నగా ఉంది. అప్పటికి చేయగలిగిందేమీ లేదు.

28వ రోజు గడిచింది. చప్పుడు లేదు. మా అమ్మాయి బడికి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత యంత్రం పక్కనే కూర్చునేది. 29వ రోజు సాయంత్రం ఒక పెంకు మీద చిన్న పగులు కనిపించింది. లోపలి నుంచి సన్నని కూత వినిపించింది. పగులు పడ్డాక పిల్ల పూర్తిగా బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఆ లోపు మనం పెంకు ఒలిస్తే పొరలోని రక్తనాళాలు తెగి పిల్ల చనిపోతుంది. అందుకే చేతులు కట్టుకుని కూర్చున్నాం. 31వ రోజుకు రెండు పిల్లలు వచ్చాయి. 32వ రోజున మూడోది బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా బయటే ఉండగా వచ్చింది. అది నిలబడలేకపోయింది.

రెండు గుడ్లు రెండో వారంలోనే ఆగిపోతే, అవి కుళ్లి పగిలి మిగతావాటిని పాడుచేస్తాయని అప్పుడే తీసేశాను. మిగిలిన ఏడింటిని 34వ రోజున పెరట్లో తెరిచి చూశాను. చూడాలనిపించి కాదు, చూడకపోతే కారణం తెలియదని. నాలుగింటిలో నిండుగా ఎదిగిన పిల్లలు, నూగుతో సహా. కడుపు బయట పచ్చసొన, చుట్టూ ఇంకిపోని నీరు. గుడ్ల మీద పెన్సిలుతో అంకెలు వేసి ఉంచాను కాబట్టి ఏది ఎక్కడ ఉందో తెలుసు. ఆ నాలుగూ మూలలవి. అంతకంటే ముందే పోయిన మూడూ మధ్య వరుసవి.

అమ్మినవారికి ఫోను చేస్తే మొదట వచ్చిన మాట, "మీ గుడ్లలో జీవం లేదండీ, అందుకే పొదగలేదు." ఏడో రోజు తీసిన ఫోటోలు పంపాను. రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పుడు, "మీ ఇంట్లో కరెంటు హెచ్చుతగ్గులు ఉండి ఉంటాయి" అన్నారు. తెర మీది 37.5, పక్కనే థర్మామీటరు 36.2, రెండూ ఒకే ఫోటోలో పంపాను. చివరికి, "బాతు గుడ్లకు మేము హామీ ఇవ్వలేదండీ, పైగా గడువు కూడా దాటింది" అని ముగించారు. ప్రకటనలో బాతు బొమ్మ ఎందుకు వేశారని అడిగితే జవాబు లేదు. నాకు డబ్బు పోయిన బాధ కంటే, గుడ్లలో జీవం లేదన్న ఆ మాట ఎక్కువ బాధించింది.

అందుకే పెట్టె రాగానే ఈ పని చేయండి. ముందు ఆ ప్రకటన పేజీని ఫోటో తీసి దాచుకోండి, తర్వాత అది మారిపోవచ్చు. యంత్రాన్ని గుడ్లు లేకుండా కనీసం రెండు పగళ్లు, రెండు రాత్రులు నడపండి. విడిగా కొన్న థర్మామీటర్లు మధ్యలో, మూలల్లో గుడ్ల ఎత్తులో ఉంచి పూటకోసారి రాసుకోండి. ఆ థర్మామీటర్లనూ గుడ్డిగా నమ్మవద్దు. దంచిన మంచు నిండా ఉన్న నీళ్లలో ముంచదగిన రకమైతే అందులో సున్నా చూపించాలి. లేదంటే జ్వరం చూసే మంచి థర్మామీటరుతో పక్కపక్కన పెట్టి పోల్చండి. హైగ్రోమీటరుకు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో కాస్త వంట ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీరు చిలకరించి, హైగ్రోమీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా మూసి ఉంచితే 75 శాతం చూపించాలి. ఎంత తేడా వస్తే అంత కలుపుకోవాలో తీసేయాలో తెలిసిపోతుంది. వంటకు తెచ్చిన బాతు గుడ్లు నాలుగైదు తట్టెలో పెట్టి, అవి పూర్తిగా అటూ ఇటూ వాలుతున్నాయో లేదో చూడండి. మధ్యకూ మూలకూ అర డిగ్రీ మించి తేడా ఉంటే ఆ రోజే వాపసు పంపేయండి. సర్దుకుపోదాం అనుకోకండి.

గుడ్లు పెట్టాక కూడా తేమ అంకె కంటే తూకాన్ని నమ్మండి. 80 గ్రాముల గుడ్డు 25 రోజులకు సుమారు 70 గ్రాములకు దిగాలి, అంటే వారానికి మూడు గ్రాములకు కాస్త తక్కువగా. అంతకంటే తక్కువ దిగుతుంటే నీళ్లు తగ్గించాలి, ఎక్కువ దిగుతుంటే పెంచాలి. వంటింటి చిన్న తూకం చాలు. ఆ ఒక్క పని చేసి ఉంటే మూలల్లోని నాలుగు పిల్లలలో ఒకటో రెండో దక్కేవేమో.

బతికిన రెండు పిల్లలూ ఇప్పుడు పెరట్లో నీళ్ల తొట్టి వదలడం లేదు. పాత యంత్రాన్ని ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు, విప్పి పక్కన పడేశాను. ఇంకో ఇంక్యుబేటర్ తెచ్చి నాలుగు రోజులైంది, ఖాళీగానే నడుస్తోంది. మధ్యలో 37.6, మూలల్లో 37.4, 37.5. వాపసు గడువు ఇంకా ఆరు రోజులు ఉంది. ఈ రాత్రి కూడా ఇలాగే చూపిస్తే రేపు పొద్దున గుడ్ల కోసం వెళ్తాను.