తాళ్లల్లో కూర్చునే చోటు: హసన్‌పర్తి వైపు ఒక కల్లు మండువ, పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచి

హనుమకొండలో తాగడానికి చోటు లేదని ఎవరూ అనరు. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ నుంచి నయీంనగర్ దాకా, సుబేదారి నుంచి హంటర్ రోడ్డు దాకా వైన్సులు, వాటి పక్కనే కొన్నది కూర్చుని తాగే పర్మిట్ రూములు, మెట్లెక్కితే బార్లు. వాటి గురించి కేయూలోనో నిట్‌లోనో చదివే ఏ అబ్బాయిని అడిగినా గంటసేపు చెప్తాడు. ఆడపిల్ల ఎక్కడ కూర్చుని తాగాలి అంటే మాత్రం పీహెచ్‌డీలో చేరిన చాలా రోజుల దాకా నాకు జవాబు దొరకలేదు. దొరికిన జవాబు ఈ మండువ, అంటే తాటిచెట్ల కిందే కల్లు అమ్మే చోటు. కాబట్టి రుచి సంగతి తర్వాత, కూర్చోవడం సంగతి ముందు.

పర్మిట్ రూముకు ఆడవాళ్లు పోరు, అంతే. మగవాళ్లకే అక్కడ సీసా అయిపోయాక కూర్చోబుద్ధి కాదు. ఇక మిగిలింది బార్లలో ఫ్యామిలీ సెక్షన్. నేను, నా రూమ్మేట్, మా డిపార్ట్‌మెంట్ అన్న ఒకరు కలిసి అలాంటి ఒక దానికి కొన్నాళ్లు పోయాం. బేరర్ ప్రతిసారీ అన్ననే అడిగేవాడు, "మేడమ్ వాళ్లకు కూల్‌డ్రింక్ తేవాలా సార్?" అని. నేను బీర్ అని చెప్పినా అన్న మొహం చూసి, ఆయన తలూపితేనే రాసుకునేవాడు. ఒకరోజు అన్న రాలేదు. మేమిద్దరమే పోతే క్యాబిన్లు ఖాళీ లేవన్నారు. పరదాలు పక్కకు తీసే ఉన్నాయి, లోపల ఎవరూ లేరని మాకు కనబడుతూనే ఉంది. ఆ మెట్లు దిగుతుంటే కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. తెలంగాణలో తాగడానికి వయసు 21, మాకు అది ఎప్పుడో దాటింది. చేతిలో ఫెలోషిప్ డబ్బులున్నాయి. వెంట ఒక మగమనిషి లేడు, అదొక్కటే తక్కువ.

మండువ సంగతి చెప్పింది నా రూమ్మేటే. వాళ్లది హుజూరాబాద్ వైపు, దారి ఆమెకు తెలుసు. భీమారం, ఎర్రగట్టు గుట్ట దాటి హసన్‌పర్తి పోయాక కరీంనగర్ రోడ్డు వదిలి లోపలికి మట్టిబాట. చుట్టూ తాళ్లు, మధ్యలో తాటాకుల పందిరి, రెండు గడంచలు, ఒక సిమెంటు బెంచీ. చెట్లెక్కేది ఆయన, కింద కుండల దగ్గర కూర్చునేది ఆయన భార్య. అక్కా అనే పిలుస్తాం. మొదటిరోజు అక్క మమ్మల్ని అడిగింది రెండే మాటలు. "ఏడ సదువుతున్నరు బిడ్డా? తిని వచ్చిండ్రా?" తినలేదంటే ముందు గుడాలు (ఉడకబెట్టిన గింజలు) పెట్టింది, ఆ తర్వాతే కల్లు వంచింది.

పందిరి కింద అప్పటికే ఇద్దరు ముసలమ్మలున్నారు. యాసంగి నాట్లేసి వచ్చినట్టున్నారు, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. మమ్మల్ని ఒకసారి చూసి, కొంచెం జరిగి చోటిచ్చి, మళ్లీ వాళ్ల ముచ్చట్లో పడ్డారు. మా ఊళ్లలో ఇది వింత కాదు. పెండ్లయినా, చావైనా, బోనాలైనా ముందు సాకగా కొంచెం కల్లు నేల మీద పోసి, తర్వాత ఆడా మగా అందరూ తాగుతారు. మా అమ్మమ్మ పొద్దుగూకితే గిన్నెడు కల్లు తాగనిదే అన్నం ముందు కూర్చునేది కాదు, ఆమెను ఎవరూ ఒక మాట అనలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టిన నేను యూనివర్సిటీ పక్కన తలుపులు తట్టి తట్టి, చివరికి ఆ ముసలమ్మల పక్కన చోటు దొరికించుకున్నాను. ఆ సాయంత్రం నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడం కష్టం. ఎవరూ లేవమనలేదు, ఇంకేం కావాలని వచ్చి నిలబడలేదు.

గ్లాసులు కూడా ఉంటాయి కానీ అడిగితే అక్క రేక కట్టిస్తుంది. లేత తాటాకు మడిచి, కొసలు దగ్గరికి తెచ్చి ఈనెతో ముడేస్తుంది. దాన్ని రెండు చేతుల్తో దొన్నెలా పట్టుకుంటే పైనుంచి వంచుతుంది. నురగ ఊది, చీమలుంటే పక్కకు తోసి, అంచుకు నోరు పెట్టి తాగాలి. రేక కింద పెట్టడానికి వీల్లేదు, ఒలికిపోతుంది. అందుకే ఒక్క చేయి కూడా ఖాళీగా ఉండదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో కిందికి పోతే తెలుస్తుంది.

రుచి సంగతి కల్లు తాగేవాళ్లందరికీ తెలిసిందే. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, ఎండెక్కినకొద్దీ పులుస్తుంది, మధ్యాహ్నం దాటితే పట్టు ఎక్కువ. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయినప్పుడు నాక్కూడా భయమేసింది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్న చోటే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటివి కలుపుతారు. ఆ వారం అక్కను సూటిగానే అడిగాను. కోపం తెచ్చుకోలేదు. "చెట్లన్నీ నీ కండ్ల ముంగటనే ఉన్నయ్, లొట్లు లెక్కవెట్టుకో" అంది. చెట్లకు కట్టిన ఆ కల్లు కుండలు లెక్కపెట్టాను. దించింది దించినట్టు అమ్ముడుపోయి, సాయంత్రానికి కుండలు ఖాళీ అవుతాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లను లేదు పొమ్మనడం నేను చాలాసార్లు చూశాను. ఆ తర్వాత నాకు టెన్షన్ పోయింది.

ఇక అసలు సంగతి. ఎండాకాలం, ఒక ఆదివారం. ముంజలు కొట్టే రోజులు కాబట్టి జనం బాగానే ఉన్నారు. బైకుల మీద నలుగురైదుగురు అబ్బాయిలు వచ్చారు. ఇంజనీరింగ్ పిల్లల్లా ఉన్నారు, మా కన్నా బాగా చిన్నవాళ్లు. వచ్చీ రాగానే జగ్గు తీసుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఒకడు ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. వాళ్ల వెనకే గడంచ మీద నేను, నోటి దగ్గర రేక. మొహం కప్పుకుందామంటే రెండు చేతులూ రేకకే ఉన్నాయి. ఆ క్షణంలో నా కళ్ల ముందు తిరిగింది మా ఊరి వాట్సాప్ గ్రూపు, మా నాన్న ఫోన్, నాకు చూస్తున్న సంబంధాలు. అమ్మమ్మ కాలంలో కెమెరాలు లేవు, మాకున్నాయి. నోట మాట రాలేదు.

అక్క కుండల దగ్గర నుంచి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని, వాడి ముందు నిలబడి చేయి చాపింది.

"ఫోనియ్యి."

"ఎందుకక్కా?"

"ఆడివిల్లలు వడ్డరు అండ్ల. తీసెయ్యి."

"మా రీలక్కా, వాళ్లు సరిగ్గ కనబడనే కనబడరు."

అక్క వాదం పెట్టుకోలేదు. బెంచీ మీదున్న జగ్గు తీసుకుని పోయి కుండ పక్కన పెట్టింది. "పైసలు వాపస్ ఇస్త, పోండ్రి" అంది. అప్పటిదాకా గడంచ మీద పడుకున్న ఒక పెద్దాయన లేచి కూర్చుని, "తీసెయ్యరాదు పిలగా, ఆమెకు కోపం తెప్పియ్యకు" అన్నాడు. వాడు మొహం మాడ్చుకుని డిలీట్ కొట్టాడు. అక్క అంతటితో వదల్లేదు, ఫోన్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "సూడు బిడ్డా, పోయిందా?" నేను గ్యాలరీలో తీసేసినవి దాచిపెట్టే చోటు తెరిచి, అక్కడి నుంచి కూడా తీసేశాను. అక్క నా భుజం మీదుగా చూస్తూనే ఉంది. "ఇంకొక తాన గూడ దాస్తదా ఇది?" అని అడిగింది. లేదు, ఇప్పుడు పూర్తిగా పోయిందన్నాక గానీ ఫోన్ తిరిగి ఇయ్యలేదు. తర్వాత ఆ పిల్లల వయసు అడిగి, డబ్బులు చేతిలో పెట్టి పంపించింది. మళ్లీ మేము పోయేసరికి పందిరి గుంజకు ఒక అట్టముక్క కట్టి ఉంది. వీడియోలు తీయొద్దని బొగ్గుతో రాసి ఉంది.

బార్‌లో ఇంత బిల్లు కట్టి కూడా మాకు ఒక క్యాబిన్ దొరకలేదు. ఇక్కడ ఆదివారం పూట వచ్చిన గిరాకీని మా కోసం వాపస్ పంపింది. అందుకే ఎవరడిగినా ఈ చోటు పేరే చెప్తూ వచ్చాను.

ఇప్పుడు చెప్పేటప్పుడు మాత్రం కొన్ని కలిపి చెప్తున్నాను. పోయిన ఏడాది బిడ్డ కాన్పుకని అక్క కొన్నాళ్లు జమ్మికుంట పోయింది. ఆ రోజుల్లో మండువ అదే, తాళ్లు అవే, కానీ మాకు అంత నిమ్మళంగా అనిపించలేదు. అక్క భర్త మంచివాడే. కానీ నడుముకు ముత్తాదు, కాళ్లకు గుజి, చెట్టు చుట్టూ మోకు వేసుకుని పైకి పోయాడంటే కింద ఎవరూ లేనట్టే. ఒక చెట్టు దిగితే ఇంకో చెట్టు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఒక గిన్నె తాగి లేచి వచ్చేశాం. అంటే నేను మెచ్చుకున్నది మండువనా, అక్కనా అని అప్పుడు ఆలోచించాను. ఎక్కువ వంతు అక్కనే.

బాత్రూం లేదు. అబ్బాయిలు రాసే మెప్పుల్లో ఈ మాట ఎక్కడా కనబడదు. మాకు అదే మొదటి లెక్క. ఇంటి దగ్గర నీళ్లు తక్కువ తాగి పోతాం, రెండు గంటలు దాటకుండా లేస్తాం. వానాకాలం పోవడం దండగ, చెట్లు జారుతాయి, కల్లు పలచన, బాటంతా బురద. హాస్టల్లో ఉండే అమ్మాయిలకు గేటు టైమ్ ఉంటుంది, మాకు కిరాయి గది కాబట్టి నడుస్తోంది. కల్లే కదా అని బండి నడపొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, అది కల్లా బీరా అని మిషన్ అడగదు. మాలో తాగని స్నేహితురాలు ఒకామె ఉంది. ఆమె గుడాల కోసం, సర్వపిండి కోసం వస్తుంది, స్కూటీ ఆమెదే. ఆమె రాని రోజు మేమూ పోము.

ఇంకో మాట. కల్లు వాసన, పులుపు చిన్నప్పటి నుంచి అలవాటైనదాన్ని కాబట్టి నాకు నచ్చింది. పట్నంలో పెరిగిన మా జూనియర్ ఒకామె రెండు గుక్కలకే పక్కన పెట్టేసింది, ఆమెకు ఇంకా ఆ ఫ్యామిలీ సెక్షనే దిక్కు. మీకు పడుతుందనుకుంటే సంక్రాంతి నుంచి మృగశిర దాకా, సాయంత్రం నాలుగు లోపు పొండి. పోయేముందు అక్క ఉందో లేదో కనుక్కోండి. వెంట అబ్బాయిలొస్తే ఫోన్లు బండి డిక్కీలో పెట్టించండి.