శ్రీకాకుళం లాడ్జిలో ‘ఫ్రీ వైఫై’ భాగోతం

మా మేనకోడలు టొరంటోలో పెరిగిన పిల్ల. సంక్రాంతికి విజయనగరం వచ్చింది. అరసవిల్లి, శ్రీకూర్మం చూపిస్తామంటే ఒకటే షరతు పెట్టింది: తెల్లవారుజామున ఐదున్నరకి టొరంటో సెప్టర్స్ మ్యాచ్ చూడాలి. అక్కడ అప్పుడు రాత్రి ఏడు. పీడబ్ల్యూహెచ్ఎల్ అని ఆడవాళ్ల ఐస్ హాకీ లీగ్. 2024 జనవరి 1న ఆరు జట్లతో మొదలైంది, 2025-26 సీజన్‌లో వాంకూవర్, సియాటిల్ కలిసి ఎనిమిదయ్యాయి. యూట్యూబ్‌లో ఉచితంగానే వస్తుంది, నెట్ ఉంటే చాలు. అందుకే ‘ఫ్రీ వైఫై’ బోర్డున్న లాడ్జి చూసి 1,900 కట్టాం.

తీరా ఐదింటికి లేస్తే వైఫై లేదు. కౌంటర్ వెనక పడుకున్న కుర్రాడు దుప్పటి తీయకుండానే, “రాత్రి పదికి కట్టేస్తాం సార్, ఓనరుగారి ఆర్డరు” అన్నాడు. నా ఫోన్ నెట్ వాడదామంటే కిటికీ లేని గది, సిగ్నల్ ఒక్క గీత. బకెట్ వేడినీళ్లకి 40 అదనం. పిల్ల మూతి ముడిచింది. మా ఆవిడ ఆ కోపం నా మీద తీర్చుకుంది.

ఆర్టీసీ బస్టాండ్ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టు తెరిచుంది. అక్కడ సిగ్నల్ ఫుల్లు! ఫోన్‌ని బిస్కెట్ల సీసాకి ఆనించాం. టీ పది రూపాయలు, అల్లం అప్పటికప్పుడు దంచి వేశాడు. ఆటోవాళ్లు మూగారు.

“ఏటమ్మా, ఆడపిల్లలేనా? అలా గుద్దీసుకుంటన్నారేటి?” అన్నాడు టీ ఆయన.

పిల్లకి హుషారొచ్చింది. తప్పు చేసినామెని రెండు నిమిషాలు పక్కన పెట్టెలో కూర్చోబెడతారట. ఆ లోపు, మనిషి తక్కువైన ఆ జట్టే గోల్ కొడితే ఆమె వెంటనే బయటికొచ్చేయొచ్చట. “అయితే కొట్టీమను!” అన్నాడో ఆటో ఆయన. 2024లో మాంట్రియల్‌లో ఒక మ్యాచ్‌కి 21,105 మంది వచ్చారంటే, “మన కోడి రామ్మూర్తి స్టేడియంలో పట్టరు” అని తేల్చేశాడు. ఇంకొకాయన ఆమదాలవలస మల్లేశ్వరి సిడ్నీ ఒలింపిక్ పతకం సంగతి ఎత్తుకున్నాడు. బేరాలొచ్చినా ఎవరూ కదల్లేదు.

అయ్యేసరికి ఎనిమిది దాటింది. స్నానాలు చేసి దిగితే, తొమ్మిదికి ఖాళీ చేయలేదని లాడ్జిలో ఇంకో 300 అడిగారు. వైఫై డబ్బులు తగ్గించమన్నాను. అరుపులయ్యాక 100తో వదిలారు.

ఆదివారం కాదు కాబట్టి అరసవిల్లిలో అరగంటలో దర్శనమైంది. శ్రీకూర్మానికి ఆటో రానుపోను 500, తాబేళ్లు పిల్లకి తెగ నచ్చాయి.

గదిలోకెళ్లి, ఫోన్ తీసి సిగ్నల్ చూశాకే డబ్బులు కట్టండి. రైల్లో వచ్చేవాళ్లు గమనించాలి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. దిగాక ఆటోకి కాకుండా బస్సుకే చూడండి.