గూగుల్ పేటెంట్స్: వెతకడానికి భేష్, తేల్చుకోవడానికి కాదు

దేశదేశాల పేటెంట్లను వెతికిపెట్టే గూగుల్ సైటు పేరు గూగుల్ పేటెంట్స్. అది ఉచితం, లాగిన్ అడగదు, చకచకా తెరుచుకుంటుంది. కాలేయ వ్యాధుల మందులు, జన్యు నియంత్రణ, సరుకుల జాడ పట్టే పద్ధతులు: ఒకదానికొకటి పొంతన లేని ఈ మూడు రంగాల్లో నడిపి చూస్తే దాని సత్తా, లోపం రెండూ బయటపడతాయి. పేటెంటును దొరకబుచ్చుకోవడానికి డబ్బు కట్టకుండా ఇంతకన్నా మంచిది లేదు. ఆ పేటెంటు ఇంకా అమల్లో ఉందా, మనకు అడ్డమా అన్న విషయంలో మాత్రం దీని మాట నమ్మకూడదు.

కాలేయంతో మొదలుపెడదాం. ఇక్కడ ఉత్త మాటలతో వెతికేవాళ్లు బోల్తా పడతారు. కొవ్వు కాలేయ జబ్బు ముదిరి వాపుగా మారిన దశను చాలాకాలం ‘నాష్’ అన్నారు. 2023లో పేరు మార్చి ‘మాష్’ చేశారు. కొత్త పేరొక్కటే కొడితే అంతకుముందు దరఖాస్తులు దాదాపు అన్నీ జారిపోతాయి. పైగా ఇంగ్లీషులో ఆ స్పెల్లింగుకు బీరు తయారీలో నానబెట్టిన ధాన్యం ముద్ద అనే అర్థం కూడా ఉంది, కాబట్టి బ్రూవరీల పేటెంట్లు వచ్చిపడతాయి. రెండు పొట్టిపేర్లనూ, వాటి పూర్తి రూపాలనూ ‘ఆర్’తో కలిపి, దానికి ఏ61పీ 1/16 అనే సీపీసీ కోడ్ (పేటెంట్లను విషయాల వారీగా విడదీసే కోడ్) జోడించండి. కాలేయం, పిత్తాశయం జబ్బుల మందులకు ఇచ్చే కోడ్ అది. అయితే పేటెంటులో జబ్బుల చాంతాడు జాబితా ఉంటే, అసలు షుగరు కోసం చేసిన మందుకు కూడా ఈ కోడ్ తగిలిస్తారు. అందుకే జబ్బు పేరును క్లెయిమ్‌లలో, అంటే దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాల్లో, మాత్రమే వెతకమని చెప్పాలి. చెత్త చాలావరకు అక్కడే రాలిపోతుంది.

రసాయన నిర్మాణాన్ని స్మైల్స్ రూపంలో, అంటే అణువును అక్షరాల వరుసగా రాసి, ఇచ్చి వెతికే వీలుంది, అది బాగానే పనిచేస్తుంది. కానీ ‘ఆర్1 అంటే ఇది గానీ అది గానీ’ అంటూ వేల అణువులను ఒకే బొమ్మలో చుట్టేసే మార్కుష్ క్లెయిమ్‌లు దానికి చిక్కవు. వాటికి ఎక్కువగా డబ్బు కట్టే డేటాబేసులే గతి.

జన్యు నియంత్రణలో మొదలుపెట్టాల్సిన కోడ్ సీ12ఎన్ 15/113. దానికింద ఉపవర్గాలు ఉన్నాయి, కోడ్ చివర ‘/low’ తగిలిస్తేనే అవి కూడా వస్తాయి. దీన్నీ కాలేయం కోడ్‌నూ ‘ఆండ్’తో కలిపితే, గాల్‌నాక్ అనే చక్కెర ముక్కల సాయంతో కాలేయ కణాల్లోకి వెళ్లే ఎస్ఐఆర్ఎన్ఏ మందుల (జన్యువు పనిని అణచే పొట్టి ఆర్ఎన్ఏ ముక్కల) గుంపు తేలుతుంది. పోర్ఫిరియా అనే అరుదైన జబ్బుకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన గివోసిరాన్ ఈ జాతిదే.

గూగుల్ ఘోరంగా చేతులెత్తేసేది జన్యు వరుసల దగ్గర. 21 అక్షరాల వరుసను వెతుకు గడిలో అతికిస్తే చాలాసార్లు ఏమీ రాదు. అలాంటిదేదీ లేదని అనుకోకండి. వరుసల జాబితా తరచుగా విడి ఫైలులో ఉంటుంది. క్లెయిమ్‌లో ఉన్నా శుభ్రంగా ఏ, యూ, జీ, సీ అని ఉండదు: మిథైల్ చేర్చిన అక్షరాన్ని స్మాల్ లెటర్‌లో రాస్తారు, ఫ్లోరిన్ ఉంటే పక్కన ఎఫ్, లంకెలో గంధకం ఉంటే మధ్యలో ఎస్ పెడతారు. ఒకచోట ‘యూ’ ఉన్నది మరోచోట ‘టీ’ అవుతుంది. ఈ పనికి లెన్స్ అనే పేటెంట్ల సైటు వారి ప్యాట్‌సెక్, లేదా జన్యు వరుసలను పోల్చిచూసే ఎన్‌సీబీఐ బ్లాస్ట్‌లో పేటెంట్ల డేటాబేసు వాడాలి. బ్లాస్ట్‌లో ఒక మెలిక: అందులోని మెగాబ్లాస్ట్ పద్ధతి మార్చకపోతే 28 అక్షరాల ముక్క (వర్డ్ సైజు) సరిపోలాలని చూస్తుంది, మన వరుస 21 అక్షరాలే. బ్లాస్ట్‌ఎన్ ఎంచుకుని వర్డ్ సైజును 7కు దించండి.

సరుకుల జాడ విషయంలో ఇబ్బంది వేరు, ఫలితాలు వరదలా వస్తాయి. ‘ట్రాకింగ్’ అని కొడితే కంటిచూపును వెంబడించే కెమెరాలూ వస్తాయి. జీ06క్యూ 10/0833 కోడ్ వాడి, ‘నియర్/5’తో సరుకు, గుర్తింపు మాటలను ఐదు పదాల దూరంలోపు ఉండేలా కట్టండి. వచ్చిన చైనా పత్రాల్లో నంబరు చివర ‘యూ’ ఉంటే అది యుటిలిటీ మోడల్. దానికి లోతైన పరీక్ష ఉండదు, గడువు పదేళ్లే. పాతవాటికి ఈ చిట్కాలేవీ చాలవు. బార్‌కోడ్‌కు మూలమైన 1952 నాటి వుడ్‌ల్యాండ్, సిల్వర్‌ల పేటెంటు శీర్షిక ‘క్లాసిఫైయింగ్ అపారటస్ అండ్ మెథడ్’. శీర్షికల్లో బార్‌కోడ్ అని ఎంత వెతికినా అది దొరకదు.

ఇక స్థితి. పేజీ మీద ‘యాక్టివ్’, ‘ఎక్స్‌పైర్డ్’ అని కనిపించేది ఊహ మాత్రమేనని, చట్టపరమైన నిర్ధారణ కాదని గూగులే రాసిపెట్టింది. ఎవరూ చదవరు! శాస్త్రవేత్తలు ఫైర్, మెల్లోల ఆర్ఎన్ఏ జోక్యం (ఆర్ఎన్ఏతో జన్యువును అణచే పద్ధతి) పేటెంటు, యూఎస్ 6506559 బీ1, తీసుకోండి. ప్రయారిటీ తేదీ, అంటే ఆ ఆవిష్కరణ మీద తొలి దరఖాస్తు పడిన తేదీ, 1997 డిసెంబరు, దాఖలు 1998 డిసెంబరు, మంజూరు 2003 జనవరి. ఇరవై ఏళ్లను లెక్కించేది దాఖలు నుంచి, కాబట్టి గడువు 2018కి చేరుతుంది, 2017కి కాదు. మందుల పేటెంట్లకు అమెరికా, ఐరోపాల్లో మరో ఐదేళ్ల వరకు రక్షణ పొడిగించుకునే వీలుంది. అది ఈ పేజీలో కనిపిస్తుందని భరోసా లేదు. ఎప్పటికప్పుడు కట్టాల్సిన రుసుము కట్టక మధ్యలోనే రాలిపోయేవి కొన్ని. కాబట్టి నంబరు తీసుకుని ఐరోపా పేటెంటు కార్యాలయం వారి ఎస్పాసెనెట్ సైటులో పేటెంటు కుటుంబం (అదే ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో ఉన్న పేటెంట్లు) చూడండి, ఆపైన ఆ దేశపు పేటెంటు రిజిస్టరు తెరవండి. నంబరు చివర ‘ఏ1’ ఉంటే అది దరఖాస్తు మాత్రమే. దాని క్లెయిమ్‌లు చదివి బెంబేలెత్తనక్కర్లేదు, మంజూరయ్యేసరికి అవి తరచుగా కుంచించుకుపోతాయి.

తొలి దరఖాస్తు పడ్డాక మామూలుగా 18 నెలల దాకా ప్రచురించరు. ఆ వ్యవధిలో ఉన్నవి ఏ సాధనంలోనూ కనబడవు, ఆరు నెలలకోసారి అదే వెతుకులాట మళ్లీ నడపాల్సిందే. వెతికిన పదాల గొలుసును ఫైలులో దాచుకుంటే ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.